మూత విప్పి చూడగల బ్రౌజరు

పాలిటెక్నిక్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాడిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. పాఠం చెప్పినవాడు గుర్తుంటాడు. పరీక్షలో కాపీ కొడుతుంటే పట్టుకున్నవాడు ఇంకా బాగా గుర్తుంటాడు. ల్యాబువాడు మాత్రం ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నప్పుడే గుర్తొస్తాడు. నేను ముప్పై ఏళ్ళు అలాగే గుర్తొస్తూ బతికాను. తెలంగాణ రాకముందు నుంచి రిటైరయ్యేదాకా మహబూబ్‌నగర్‌లో ఒకే కాలేజీలో పనిచేశాను. మాది నల్లగొండ జిల్లా కేతేపల్లి. నా పేరు యాదగిరి.

ఈ మధ్య కొత్తగా ఇలాంటి ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు ఫోన్ చేసి, "సార్, ఏం నేర్చుకోవాలె?" అని అడుగుతున్నారు. ఏ కోర్సు చేయాలో నన్ను అడిగితే లాభం లేదు. నేను చేసిన కోర్సుల పేర్లు చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నాకు గట్టిగా తెలిసింది ఒక్క గొడవ. మూడేళ్ళు నోరు నొప్పి పెట్టేలా వాదించి, ఒక మధ్యాహ్నం అందరి ముందూ ఓడిపోయిన గొడవ అది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది ఆ ఓటమే. అందుకే దాని గురించి రాస్తున్నాను.

గొడవ దేని గురించి

బ్రౌజరు అంటే ఇంటర్నెట్‌లో పేజీలు తెరిచి చూపించే సాఫ్ట్‌వేరు. ఫోన్‌లో ఏదైనా వెతుకుతారు చూడండి, ఆ కిటికీయే బ్రౌజరు. అవి రెండు రకాలు. కొన్ని కంపెనీల సొంతం. వాటి లోపల ఏం రాసి ఉందో ఆ కంపెనీకి తప్ప బయటివాళ్ళకు తెలియదు. మనం వాడుకోవాలి, అంతే. రెండోవి ఓపెన్ సోర్స్. వాటి లోపలి రాత మొత్తం ఎవరైనా చూడొచ్చు. తప్పు కనిపిస్తే చెప్పొచ్చు, చేతనైతే సరిచేసి పంపొచ్చు.

నేను కంపెనీ పక్షం. మామూలు పక్షం కాదు, కంపెనీ నాకేదో జీతం ఇస్తున్నట్టు వాదించేవాడిని. అందుకు కారణం ఉంది. అది చెప్పకపోతే నన్ను మరీ మూర్ఖుడనుకుంటారు.

సర్కారు పనులు ఆన్‌లైన్‌కు మారిన కొత్తల్లో వెబ్‌సైట్లన్నీ కంపెనీ బ్రౌజర్‌లోనే తెరుచుకునేవి. మా ప్రిన్సిపాల్ గారి డిజిటల్ సంతకం వేలెడంత పరికరంలో ఉండేది. దాన్ని కంప్యూటర్‌కు గుచ్చి సంతకం పెట్టాలంటే కంపెనీ బ్రౌజర్, అందులోనూ ఒక పాత వెర్షన్, తప్పనిసరి. ఒకసారి ఆ కంప్యూటర్ తనంతట తానే కొత్త వెర్షన్‌కు మారిపోయింది. సంతకం పడలేదు. కాలేజీ గుర్తింపు కాగితాలు నాలుగు రోజులు ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచి, తలుపు తీసి ఉంచే తిట్టారు. స్టాఫ్ రూములో అందరికీ వినపడాలని కావచ్చు.

ఆ దెబ్బకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. పనిచేస్తున్నదాన్ని ముట్టుకోవద్దు. ల్యాబులో ఉన్న నలభై కంప్యూటర్లలోనూ కొత్త వెర్షన్లు రాకుండా ఆపేశాను. సంతకం కంప్యూటర్‌ను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయించాను. దసరాకు ఆయుధపూజ రోజు మా అటెండర్ నర్సింహ అన్ని కంప్యూటర్లకూ పసుపు కుంకుమ పెట్టి, దీనికి మాత్రం బంతిపూల దండ వేసేవాడు. పండుగ అయ్యాక దండ తీయబోతే నేనే వద్దనేవాడిని, కదిలితే ఎక్కడ చెడుతుందోనని. నవ్వకండి. అప్పట్లో ఇలాంటి బీరువా లేని ఆఫీసు చాలా తక్కువ.

షాహీన్

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు మా ల్యాబుకు షాహీన్ వచ్చింది. టెక్నీషియన్ పోస్టు. మహబూబ్‌నగర్ టౌనులోనే వాళ్ళ ఇల్లు. తండ్రి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. చేరిన మొదటి వారంలోనే ఆ అమ్మాయి అద్దాల బీరువా దగ్గర నిలబడి అడిగింది.

"సార్, దీన్ని ఎందుకు తాళమేసి పెట్టిన్రు? ఏం రోగమొచ్చింది దీన్కి?"

"రోగం రావద్దనే తాళమేసిన."

"మా అబ్బా అయితె మూత విప్పి చూడని మిషన్‌ను ఇంట్లకు రానియ్యడు సార్. లోపల ఏమున్నదో తెల్వకుంటే రిపేరెట్ల చేస్తమంటడు."

నాకు కోపం వచ్చింది. చేరి వారం కాలేదు, నాకు పాఠం చెబుతోంది. ఆ కోపం మూడేళ్ళు పోషించాను. మనిషి చెడ్డది కాదని, పని నాకంటే బాగా తెలుసని నెల తిరగకముందే నాకు అర్థమైంది. అర్థమైనా ఒప్పుకోలేదు. కింది ఉద్యోగి చెప్పింది నిజమని ఒప్పుకుంటే మన కుర్చీ కాళ్ళు విరుగుతాయనే భ్రమ ఒకటి మా తరం ఉద్యోగులకు బాగా ఉండేది.

ఒకసారి స్టాఫ్ మీటింగులో షాహీన్ లేచి, ల్యాబంతా ఓపెన్ సోర్స్‌కు మారుద్దామని చెప్పింది. మన కంప్యూటర్లు పాతబడ్డాయి, వాటి మీద కంపెనీ కొత్త బ్రౌజర్లు ఎక్కవు, ఓపెన్ సోర్స్‌లో అయితే పాత మిషన్లకు కూడా తాజా వెర్షన్లు తయారుచేసి పెట్టేవాళ్ళు ఉన్నారు అని వివరించింది. నేను వెంటనే అడ్డం పడ్డాను.

"రేపు ఏమన్న అయితె ఎవరి గల్ల పట్టుకుంటం? కంపెనీ అయితె ఫోన్ జేస్తె ఎత్తేటోడు ఉంటడు. దీన్కి ఎవరున్నరు?"

"దీన్ల ఏమున్నదో మనమే చూడొచ్చు సార్."

"చూసి ఏం జేస్తవమ్మా? లక్షల వరుసలుంటయ్ అండ్ల. అన్నీ చదువుకుంట కూసుంటవా?"

"అన్నీ నేనే చదువుడెందుకు సార్? నేను ఒకటి చదువుత, ఇంకొకరు ఇంకోటి చదువుతరు. కంపెనీ దాన్ని చదువుతమంటె ఎవరికీ ఇయ్యరు గదా."

ప్రిన్సిపాల్ హైదరాబాద్ నుంచి రోజూ వచ్చిపోయే మనిషి, మీటింగు తొందరగా ముగియాలి. "యాదగిరి చెప్పింది కరెక్ట్. ఫ్రీగా వచ్చేదానికి బాధ్యత ఎవరిది?" అన్నారు. అందరూ నవ్వారు. షాహీన్ కూర్చుంది. నేను ఫైలు మీద "అవసరం లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం బ్రౌజరు అక్కర లేకుండానే పడింది.

షాహీన్ తర్వాత ఒకటే అడిగింది. స్టోరు రూములో పారేయడానికి పెట్టిన ఆరు పాత కంప్యూటర్లు ఉన్నాయి, వాటి మీద నేర్చుకుంటాను, ఇవ్వండి అని. పాడైపోయినవే కదా అని ఇచ్చాను. రోజూ సాయంత్రం క్లాసులయ్యాక అరగంట వాటితో కుస్తీ పట్టేది. ఓపెన్ సోర్స్ బ్రౌజర్ ఎక్కించి, ప్రతి నెలా తాజా వెర్షన్ పెట్టి, ఆరింటినీ నడిచేలా చేసింది. నేను అటు పోయినప్పుడల్లా, "ఏందమ్మా, మ్యూజియం ఎట్ల నడుస్తాంది?" అని ఎగతాళి చేసేవాడిని.

ఆఖరి రోజు

పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షలో ర్యాంకు వచ్చిన పిల్లలు తమకు కావలసిన కాలేజీలు, బ్రాంచీలు ఒక వరుసలో వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి. వీటినే వెబ్ ఆప్షన్లు అంటారు. ఆఖరున "ఫ్రీజ్" అనే బటన్ నొక్కాలి. నొక్కితే ఇక మార్చలేరు. గడువులోగా నొక్కకపోతే ఆ విడతలో సీటు ఉండదు. మా ల్యాబు హెల్ప్‌లైన్ సెంటరు. ఇళ్ళలో కంప్యూటర్ లేని పిల్లలు నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద పెన్సిల్‌తో వరుస రాసుకొని, మామలూ టీచర్లూ చేయించిన కొట్టివేతలతో మా దగ్గరికి వచ్చేవారు.

ఆ ఏడాది ఆఖరి రోజు పొద్దున ల్యాబు తెరిచి కంప్యూటర్లు ఆన్ చేయగానే నలభై తెరల మీదా ఒకటే మాట. ఈ పేజీ ఫలానా కంపెనీ బ్రౌజర్ కొత్త వెర్షన్‌లో మాత్రమే తెరుచుకుంటుంది. సైటు నడిపేవాళ్ళు ఆ పొద్దున్నే పేజీ మార్చారు. కొత్త వెర్షన్ ఎక్కించబోతే, మీ కంప్యూటర్‌కు ఇది సరిపోదు అని వచ్చింది. షాహీన్ మీటింగులో చెప్పింది అక్షరాలా ఇదే. ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. చూసి ఉంటే కొంచెం తేలికగా ఉండేదేమో.

ఎత్తేటోడు ఉంటాడని నేను ఎన్నిసార్లు చెప్పానో ఆ కంపెనీ నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తారు. ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చారు. మీ వెర్షన్‌కు మద్దతు ముగిసింది, అయినా రెండు పనిదినాల్లో మాట్లాడతాం అని మర్యాదగా చెప్పారు. గడువు సాయంత్రం ఐదు గంటలు. వరండాలో అప్పటికే డెబ్బై మంది పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు.

బైకులూ కార్లూ ఉన్నవాళ్ళు కొందరు టౌనులో నెట్ సెంటర్లు వెతుక్కుంటూ పోయారు. అక్కడ కొత్త కంప్యూటర్లున్నది ఒక్కచోటే, వరుస రోడ్డు దాకా ఉందని గంటకు సగం మంది తిరిగొచ్చారు. పదకొండు గంటలకు వరండాలో ఒక మనిషి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. బక్కపలచటి మనిషి, చేతిలో ప్లాస్టిక్ కవరు, పక్కన ఒక ఆడపిల్ల.

"సారూ, మేము అమ్రాబాద్ దిక్కు నుంచి వచ్చినం. పొద్దుగాల మొదటి బస్సుకు ఎక్కినం. అచ్చంపేటల గూడ గిదే చెప్పిన్రు, తెరుస్తలేదని. మీతాన అయితదని వచ్చినం."

అతని పేరు లింగయ్య. చెంచు. అడవి లోపల పెంటలో, అంటే వాళ్ళ గూడెంలో ఉంటారు. పిల్ల మల్లిక. ఆశ్రమ పాఠశాలలో ఉండి పది పాసైంది. ర్యాంకు బాగానే వచ్చింది. కాగితం మీద పదకొండు ఆప్షన్లు రాసుకొచ్చింది. మొదటిది మా కాలేజీయే, కంప్యూటర్ బ్రాంచి. ఎందుకని అడిగితే, "ఈడ ఆడపిల్లల హాస్టలు ఉన్నది సార్" అంది.

అడవిలోని పెంట నుంచి రోజూ వచ్చిపోయే కాలేజీ ఏదీ లేదు. పది అయిపోయింది కనుక పాత హాస్టలు ఇక లేదు. ఆడపిల్లల హాస్టలు ఉన్న పాలిటెక్నిక్కులు ఆ చుట్టుపక్కల రెండో మూడో, వాటిలో సీట్లు మొదటి విడతలోనే నిండిపోతాయి. అంటే ఆ సాయంత్రం ఐదు లోపల ఆ బటన్ నొక్కకపోతే ఆ పిల్ల చదువు అక్కడితో ఆగినట్టే. ఇదంతా నాకు ఎవరూ వివరించనక్కరలేదు, ఏటా చూస్తున్నదే. లింగయ్య మాత్రం ఒక్క మాటే అన్నాడు.

"ఈ ఏడు పోతె మళ్ళ రాదు సారూ."

నలభై కంప్యూటర్లలో కొత్త వెర్షన్లు ఆపింది నేను. ఫైలు మీద అవసరం లేదని రాసింది నేను.

ఒక్క వరుస

షాహీన్ నన్ను స్టోరు రూముకు పిలిచింది. ఆరు కంప్యూటర్లూ నడుస్తున్నాయి. అక్కడ కూడా తెర మీద అదే మాట, ఫలానా కంపెనీ బ్రౌజర్ మాత్రమే అని. నేను నీరుగారిపోయాను.

"జర ఆగుండ్రి సార్. ఇది పనిచెయ్యక కాదు, పేరు నచ్చక ఆపుతాంది. చూడుండ్రి."

ఆ పేజీ వెనక ఉండే రాతను తెర మీద తెరిచింది. కిందికి జరుపుతూ ఒక చోట వేలు పెట్టింది. పేజీ తెరుచుకోగానే బ్రౌజర్‌ను పేరు, వెర్షను అడుగుతుంది. అనుకున్న పేరు చెబితే లోపలికి, లేకపోతే బయటికి. అడగడం ఒక్క వరుసలో ఉంది. లోపల ఆప్షన్లు పెట్టే భాగమంతా మామూలు రాత, ఏ తాజా బ్రౌజర్‌లోనైనా నడిచేదే. ఆ భాగం మొత్తం ఇద్దరం కూర్చొని మొదటి నుంచి చివరిదాకా చదివాం. కంపెనీ బ్రౌజర్ మీద ఆధారపడిన మాట ఒక్కటి కూడా దొరకలేదు.

నిజం చెప్పాలంటే ఆ పేజీ రాతను కంపెనీ బ్రౌజర్‌లో కూడా చూడొచ్చు. అడ్డమేమీ లేదు. ఇన్నేళ్ళలో చూడాలని నాకు తోచలేదు, అంతే. మూసిన వస్తువుతో చాలాకాలం పనిచేస్తే మూసి లేనివి కూడా మూసే ఉన్నాయని అలవాటైపోతుంది. షాహీన్‌కు ఆ అలవాటు లేదు.

"మన బ్రౌజర్ అడిగినప్పుడు ఏ పేరు చెప్పాలెనో మనమే మార్చొచ్చు సార్. సెట్టింగుల్లనే ఉంటది. మార్చుమంటరా?"

అప్పుడు నేను చేసిన పని మీరంతా చేస్తారు కనుక చెబుతున్నాను. హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ సాంకేతిక అధికారికి ఫోన్ చేశాను. "గైడ్‌లైన్స్ ప్రకారం పొండి" అన్నాడాయన. అంటే అవునూ కాదు, కాదూ కాదు. ప్రిన్సిపాల్ దగ్గరికి పోయాను. "వేరే బ్రౌజర్ వాడి, రేపు ఏదన్నా తేడా వస్తే నేను జవాబు చెప్పాలా?" అన్నారు. నేను అక్కడే తెల్లకాగితం తీసుకొని, బాధ్యత నాదే అని రాసి సంతకం పెట్టి బల్ల మీద పెట్టాను. ధైర్యంతో కాదు, సిగ్గుతో పెట్టాను. ఆయన ఆ కాగితాన్ని జాగ్రత్తగా సొరుగులో పెట్టుకున్నారు.

వరండాలోకి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ బ్రౌజర్ సర్కారు చెప్పిన జాబితాలో లేదు, మేం చూసినంతవరకు పనిచేస్తుంది, ముందు సేవ్ చేసి చూస్తాం, సరిగ్గా ఉంటేనే ఫ్రీజ్ చేస్తాం, ఇష్టమైనవాళ్ళే రండి అన్నాను. ఎవరూ కదల్లేదు. ఒక తండ్రి, "ముందుగాల వేరేటోళ్ళది చెయ్యుండ్రి సార్, చూసి మాది చేపిస్తం" అన్నాడు. అతని తప్పు లేదు, అతని జాగాలో నేనున్నా అదే అంటాను.

లింగయ్య ముందుకు వచ్చాడు. "మా బిడ్డది పెట్టుండ్రి సారూ. వాళ్ళు ఇంకో తాన్కి పోగలరు. మేమేడికి పోతం?"

ఎవరికి మరో దారి ఉందో వాళ్ళ మీద ప్రయోగం చేయాలని ఏ మనిషికైనా అనిపిస్తుంది. ఆ రోజు దారి లేనివాళ్ళే ముందు నిలబడ్డారు.

షాహీన్ సెట్టింగు మార్చింది. పేజీ తెరుచుకుంది. మల్లిక తన కాగితం పక్కన పెట్టుకొని పదకొండు ఆప్షన్లూ తానే పెట్టింది, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. సేవ్ చేశాం. బయటికి వచ్చి, పక్క కంప్యూటర్‌లో మళ్ళీ లోపలికి పోయి చూశాం. పదకొండూ ఉన్నాయి, వరుస మారలేదు. మూడో కంప్యూటర్‌లో కూడా చూశాం. ఉన్నాయి. నేను కాగితం పట్టుకొని ఒక్కొక్కటీ పైకి చదివాను, మల్లిక తెర మీద వేలు పెట్టి సరిచూసింది.

"ఫ్రీజ్ చేద్దామా సార్?" అంది షాహీన్.

"చెయ్యమ్మా," అన్నాను.

మల్లిక బటన్ నొక్కింది. తెర మీద చక్రం తిరగడం మొదలైంది. తిరిగింది, తిరిగింది, పేజీ మొత్తం తెల్లగా అయిపోయింది. ఒక్క అక్షరం లేదు. తలుపు దగ్గర గుమిగూడినవాళ్ళలో ఎవరో "పాయె" అన్నారు. షాహీన్ పెదవులు కదులుతున్నాయి, దువా చేస్తున్నట్టుంది. నేను దేవుణ్ణి తలుచుకోలేదు, సొరుగులో ఉన్న నా కాగితాన్ని తలుచుకున్నాను. తర్వాత మల్లిక ముఖం చూశాక ఆ కాగితం కూడా గుర్తులేదు.

లింగయ్య జేబులో మీటల ఫోను కూసింది. అతను తీసి, చదవడం రాదు కనుక, కూతురి చేతికిచ్చాడు. మల్లిక ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. మీ ఆప్షన్లు ఫ్రీజ్ అయ్యాయి. సంఖ్య, పదకొండు.

చదవడం అయ్యేసరికి తెర మీద కూడా వచ్చేసింది. వరండా అంతా ఒక్కసారి గోల. ముందు వేరేవాళ్ళది చూద్దామన్న ఆ తండ్రి అందరికంటే ముందు తన కొడుకును లోపలికి తోశాడు. ఆరు కంప్యూటర్లు, డెబ్బై మంది. మిగతా నలభైలో అప్పటికప్పుడు కొత్తది ఎక్కించే సాహసం చేయలేదు. నర్సింహ వరుస చూసుకున్నాడు, నేను కాగితాలు చదివాను, షాహీన్ అటూ ఇటూ తిరుగుతూ సేవ్ చేసినవి సరిచూసింది. ప్రతి పిల్లకూ పిల్లాడికీ అదే పద్ధతి. సేవ్, ఇంకో కంప్యూటర్‌లో సరిచూడడం, ఆ తర్వాతే ఫ్రీజ్. ఐదుకు పావుగంట ముందే ఆఖరి పిల్లవాడిది అయిపోయింది. ఒక్కటి కూడా తప్పలేదు. ఒక్కరు కూడా మిగల్లేదు. షాహీన్ స్టూలు మీద కూలబడితే, నా జన్మలో మొదటిసారి ఒక కింది ఉద్యోగికి నేనే పోయి చాయ్ తెచ్చిచ్చాను.

ఆ తర్వాత

మరునాడు షాహీన్ ఒక ఉత్తరం రాసింది. ఏ వరుస వల్ల పేజీ ఆగింది, దాన్ని ఎలా తీసేయొచ్చు, తీసేస్తే ఏమీ చెడదని ఎందుకు చెప్పగలం, అన్నీ రెండు పేజీల్లో. నేను సంతకం పెట్టి పంపాను. వారం తిరగకముందే, గైడ్‌లైన్స్ ప్రకారం పొమ్మన్న ఆ అధికారే ఫోన్ చేశాడు.

"ఆ లెటర్ రాసింది మీరేనా?"

పాత యాదగిరి అయితే అవుననేవాడు. "మా షాహీన్ రాసింది సార్. నేను సంతకం పెట్టిన" అన్నాను. రెండో విడతకు ఆ వరుస లేదు. తాజా బ్రౌజర్ ఏదైనా సరే అని పేజీ మీద రాశారు. షాహీన్ ఆ మాటను ప్రింటు తీసి తన బీరువా తలుపు లోపల అంటించుకుంది.

సీట్లు ప్రకటించిన రోజు లింగయ్య ఫోన్ చేశాడు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. "సారూ, వచ్చింది. బిడ్డకు మీ కాలేజే వచ్చింది" అని మూడుసార్లు చెప్పాడు. నాకు మొదటిసారికే వినపడింది, అయినా మూడుసార్లూ చెప్పించుకున్నాను.

తర్వాతి స్టాఫ్ మీటింగులో లేచి, "మూడేండ్లు నేను తప్పు వాదించిన. షాహీన్ చెప్పింది కరెక్ట్" అన్నాను. కుర్చీ కాళ్ళు విరగలేదు. ప్రిన్సిపాల్ నలభై కంప్యూటర్లూ మార్చమన్నారు. మార్చాక గుమ్మం మీద ఓపెన్ సోర్స్ ల్యాబు అని బోర్డు పెట్టించి, కింద తన పేరు వేయించుకున్నారు. బోర్డుదేముంది, ల్యాబు నడుస్తోంది కదా అని మేం ఊరుకున్నాం.

ఇది చదివి ఓపెన్ సోర్స్‌ను మతంలా పట్టుకోకండి. దానికీ తలనొప్పులున్నాయి. ఒకసారి కొత్త వెర్షన్ వచ్చి బటన్ల జాగాలన్నీ మారిపోతే, మా టైపిస్టు ప్రింటు ఎక్కడుందో వెతకలేక ఏడ్చినంత పని చేసింది. షాహీన్ తనకు తెలిసిందే లోకమనుకొని ఆమెను కసిరింది, తర్వాత పోయి క్షమాపణ చెప్పింది. సంతకం కంప్యూటర్ చాలా ఏళ్ళు బీరువాలోనే ఉంది, వేరే గతి లేక. కంపెనీ వాళ్ళు దొంగలు కారు, బాగా పనిచేసే వస్తువులే చేస్తారు. నేను చెప్పేది వేరు. ఎవరి గల్ల పట్టుకోవాలి అనే ప్రశ్న తప్పు ప్రశ్న. కష్టం వచ్చినప్పుడు నేను కంపెనీ గల్ల పట్టుకున్నాను, నా చేతికి ఫిర్యాదు నంబరు వచ్చింది. మూత విప్పి చూసే వీలు, చూడాలన్న బుద్ధి, ఈ రెండూ ఉంటే ఐదు గంటల లోపల పని అవుతుంది. మొదటిది ఓపెన్ సోర్స్ ఇస్తుంది. రెండోది మీరు తెచ్చుకోవాలి.

ఇంకొక మాట. మీ నియమాలను ఏడాదికోసారి తీసి చూడండి. నేను ముట్టుకోవద్దన్న నియమం ఒకప్పుడు కాలేజీని కాపాడింది, తర్వాత అదే ముంచబోయింది. మంచి కారణంతో పుట్టిన నియమం ఆ కారణం పోయాక కూడా బతికే ఉంటుంది, దాన్ని పుట్టించినవాడే దానికి కాపలా కాస్తుంటాడు.

పేర్ల పేజీ

మల్లిక మూడో సంవత్సరంలో ఉండగా ఒక లోపం పట్టింది. మా ల్యాబు బ్రౌజర్ నుంచి కొన్ని పాత ప్రింటర్లలో ప్రింటు తీస్తే కాగితం మీద ఆఖరి వరుస తెగిపోయేది. మేమంతా ప్రింటర్‌ను తిట్టి ఊరుకునేవాళ్ళం. ఆ పిల్ల తిట్టలేదు. షాహీన్‌ను పక్కన కూర్చోబెట్టుకొని బ్రౌజర్ లోపలి రాతలో వెతకడం మొదలుపెట్టింది. నెల పట్టింది. దొరికింది. సరిచేసి ఆ బ్రౌజర్ తయారుచేసేవాళ్ళకు పంపింది. వాళ్ళు ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో, ఇందులో ఇది బాగాలేదని రెండుసార్లు తిప్పి పంపారు. రెండుసార్లూ ముఖం ముడుచుకొని, మళ్ళీ కూర్చొని, మళ్ళీ పంపింది. మూడోసారి తీసుకున్నారు. తర్వాతి వెర్షన్‌లో అది లోకమంతా పోయింది.

ఆ బ్రౌజర్‌లోనే ఒక పేజీ ఉంటుంది. దాన్ని తయారుచేయడంలో చెయ్యి వేసిన వాళ్ళందరి పేర్లూ అక్కడ ఉంటాయి, వేలమందివి. ఎవరైనా తెరిచి చూడొచ్చు. మల్లిక కోర్సు పూర్తయి సర్టిఫికెట్లు తీసుకునే రోజు లింగయ్య వచ్చాడు. ఆ పిల్ల తండ్రిని ల్యాబులోకి తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, ఆ పేజీ తెరిచింది. పేర్లు జరుగుతూ జరుగుతూ ఒక చోట ఆగాయి. తండ్రి వేలు పట్టుకొని తెర మీద పెట్టింది.

"గిదే నాయినా. చిగుర్ల మల్లిక. ఇంటిపేరు గూడ రాసిన."

"మనదేనా?"

"మనదే."

"ఎవరన్న చూడొచ్చా దీన్ని?"

"యాడున్నోళ్ళన్న చూడొచ్చు."

ఆమె ప్రింటు తీసింది. పాత ప్రింటరే. కాగితం బయటికి వచ్చింది, ఆఖరి వరుస నిండుగా పడింది. లింగయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకొని చాలాసేపు చూశాడు. షాహీన్ కళ్ళు తుడుచుకుంటోంది, నేను తుడుచుకోలేదని అబద్ధం చెప్పను.

"సారూ," అన్నాడు లింగయ్య, కాగితం మీది నుంచి కళ్ళు తిప్పకుండానే. "ఇన్నొద్దులు మా పేర్లు అర్జీల మీదనే ఉండె. ఇయ్యాల మా పేరు చేసినోళ్ళ పేర్లల్ల పడ్డది."